నేను వద్దన్న తూటా

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక తుపాకీ ఉండేది. ఈ మాట చెబితే మనవాళ్ళెవరూ ముందు నమ్మరు. భీమవరం పక్క పల్లెలో పుట్టి, జర్మనీ వచ్చి ఆసుపత్రిలో నర్సుగా చేసే మా అమ్మ ఇంట్లో తుపాకీ ఏమిటని నవ్వుతారు. అది మా మావయ్యది. అమ్మకి సొంత తమ్ముడు. మేముండే డెగ్గెన్‌డార్ఫ్ ఊరికి మాస్టర్స్ చదవడానికి వచ్చి, చదువయ్యాక అక్కడే యంత్రాలు తయారుచేసే ఒక కంపెనీలో చేరి, మా ఇంటి పై అంతస్తులో ఏటవాలు కప్పు కింద గదిలో ఉండిపోయాడు. తుపాకీ ఆ గదిలోనే, గోడకి బిగించిన ఇనుప బీరువాలో ఉండేది. దాని తాళంచెవి ఎక్కడ దాస్తాడో అమ్మక్కూడా తెలియదు. అక్కడి చట్టం అలాగే ఉంచమంటుంది.

జర్మనీలో వేటాడాలంటే యాగ్డ్‌షైన్ అనే లైసెన్సు కావాలి. దాని పరీక్ష మాస్టర్స్ పరీక్ష కన్నా కష్టమని మావయ్య అనేవాడు. చెట్లు, పక్షులు, జంతువుల రోగాలు, చట్టాలు, గురి అన్నీ చూస్తారు. రెండోసారికి గట్టెక్కాడు. ఎందుకురా నీకీ పిచ్చి అని అమ్మ అడిగితే, "అడవిలో గంటలకి గంటలు ఊరికే కూచుంటే ఇక్కడోళ్ళు అనుమానంగా చూస్తారక్కా. చేతిలో తుపాకీ, జేబులో కాయితం ఉంటే ఏవీ అనరు" అని నవ్వేవాడు. ఆ మాటలో సగం నిజమే. మొదటి ఏడాది అడవి దారిలో నడకకి వచ్చినవాళ్ళు ఆపి మరీ లైసెన్సు చూపించమనేవారట. ఆయన తీసి చూపించి, నమస్కారం పెట్టి వచ్చేసేవాడు.

ఆయన వెళ్ళే అడవి డెగ్గెన్‌డార్ఫ్‌కి పైన, కొండవాలు మీద ఉండేది. ఒక ముసలి రైతుది ఆ అడవి. వేట హక్కు కూడా ఆయనదే. మోకాళ్ళ నొప్పులతో తను నిచ్చెన ఎక్కలేక, మావయ్యకి అనుమతిచ్చి, అడవి దారికి అడ్డంగా ఉండే గేటు తాళంచెవి చేతిలో పెట్టాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. అన్నేళ్ళలో ఆయన నవ్వడం నేను చూడలేదు. అయినా మావయ్య ఆ తాళంచెవిని ఇంటి తాళాలతో కలపకుండా విడిగా, చొక్కా జేబులో పెట్టుకునేవాడు.

ఇప్పటి పిల్లలు పుస్తకాల్లో చదువుకునే ఆ కరోనా వచ్చిన మరుసటి జనవరి అది. నాకు పదేళ్ళు. బడులు మూసేశారు. పొద్దున్న లాప్‌టాప్ ముందు కూర్చుంటే టీచర్ గొంతు ముక్కలు ముక్కలుగా వినిపించేది. మా నాన్న బ్యోబ్లింగెన్‌లో కార్ల కంపెనీ ఉద్యోగి. మామూలు రోజుల్లో శుక్రవారం సాయంత్రానికి రైలు దిగేవాడు. అమ్మని కోవిడ్ వార్డుకి మార్చాక, ఆయనకి ఉబ్బసం ఉందని అమ్మే రావద్దంది. తను ఇంటికి వచ్చాక కూడా కింద గదిలో విడిగా పడుకునేది. నేను మెట్ల మీద కూర్చుంటే, తను గది గుమ్మంలో కూర్చుని మాస్కుతో నాతో మాట్లాడేది. నన్ను చూసుకునే పని, అన్నం పెట్టే పని ఇంట్లోంచే ఆఫీసు చేసుకునే మావయ్య మీద పడింది. మావయ్య తెలుగులో మాట్లాడేవాడు, నేను జర్మన్‌లో జవాబు చెప్పేదాన్ని. అదొక అలవాటైపోయింది మాకు.

ఆ ఏడు పదిమంది కలిసి చేసే పెద్ద వేటలు కూడా ఆగిపోయాయి. జింకలు మితిమీరితే అడవిలో నాటిన లేత మొక్కలన్నీ కొరికేస్తాయి. అందుకని ఏడాదికి ఇన్ని అని కొట్టి తీరాలి. పదిమంది చేసే పనిలో మిగిలినదంతా మావయ్య ఒక్కడి మీద పడింది. ఆడ జింకల కాలం జనవరి నడిమికల్లా ముగిసిపోతుంది. ఆ చివరి వారంలో ఒక మధ్యాహ్నం, గోడలు చూస్తూ కూర్చున్న నన్ను చూసి జాలిపడి, "వస్తావా అమ్మలూ, అడవికి?" అన్నాడు. నేను బూట్లు తొడుక్కుని ఆయన కన్నా ముందు కారెక్కాను.

క్రిస్మస్‌కి పడిన మంచు అప్పటిదాకా గట్టిగా ఉంది. ఆ రోజు మాత్రం దక్షిణం నుంచి వెచ్చటి గాలి తిరిగింది. చెట్ల మీది మంచు కరిగి టపటపమని కారుతోంది. డాన్యూబ్ నది మీద నుంచి పొగమంచు లేచి, లోయంతా నిండి, కొండవాలు ఎక్కడం మొదలుపెట్టింది. కారు దిగగానే మావయ్య ఆకాశం వంక చూసి, వెనక్కి పోదామా అని ఒక్క క్షణం ఆలోచించాడు. ఆ సంగతి నాకు తెలుసు. ఎందుకంటే ఆయన చెయ్యి కారు తలుపు మీదే ఉండిపోయింది. కాలం మించిపోతోంది, రైతుకి మాటిచ్చాడు, పక్కన నేనున్నాను ఉత్సాహంగా. తలుపు వేసేశాడు.

మంచె చెక్కతో కట్టింది, పొలం కాపలా మంచెలాంటిదే, కాకపోతే చుట్టూ గోడలు, ఒక చిన్న కిటికీ. లోపల ఇద్దరం ఇరుక్కుని కూర్చున్నాం. ఆయన నాకు చెవులకి పెట్టుకునే పెద్ద మూతలు ఇచ్చాడు. ఫ్లాస్కులో తెచ్చిన అల్లం టీ పోశాడు. గుసగుసగా వేట నియమాలు చెప్పాడు. వాటిలో ఒకటి నాకు అస్సలు నచ్చలేదు. తల్లీ పిల్లా కలిసి కనబడితే ముందు పిల్లని కొట్టాలి, ఆ తర్వాతే తల్లిని. ఒక్కటే దొరికితే అది పిల్లే కావాలి.

ఇదేం దుర్మార్గమని నేను జర్మన్‌లో అడిగాను.

"పిల్ల పోతే తల్లి బతుకుద్ది. తల్లి పోతే చలికాలంలో పిల్ల బతకదు. మేత ఎక్కడుందో దానికి తెలీదు, మిగతా జింకలు దగ్గరికి రానివ్వవు. రోజుల తరబడి చస్తది" అన్నాడాయన.

నేను టీ తాగుతూ కిటికీలోంచి చూశాను. ఆ మాట నా చెవిన పడిందే కానీ లోపలికి దిగలేదు.

వెలుతురు ఇంకా ఉండగానే జింక వచ్చింది. అక్కడి చిన్న జాతి జింక, మన మేక కన్నా పెద్దదేం కాదు. చెట్ల చాటునుంచి గడ్డి మైదానంలోకి అడుగులో అడుగేసుకుంటూ వచ్చి, మంచు కరిగి పచ్చిక బయటపడినచోట తల వంచింది. మావయ్య బైనాక్యులర్ పెట్టి చాలాసేపు చూశాడు. దాని వెనక, పక్కన, చెట్ల అంచున వెతికాడు. పొగమంచు వస్తోంది, పోతోంది. ఒకసారి జింక మొత్తం కనబడేది, ఒకసారి చెవులే కనబడేవి. "ఒక్కతే. ముసల్ది, పిల్లల్లేనిది" అన్నాడు తనలో తను. నన్ను చెవులు మూసుకోమని సైగ చేశాడు.

మూతలు పెట్టుకున్నా ఆ చప్పుడు నా గుండెల్లో కొట్టింది. జింక నిలబడినచోటే కూలిపోయింది. మళ్ళీ కదల్లేదు. మావయ్య ఊపిరి వదిలాడు. నేను నా మూతలు తీసేశాను.

అప్పుడు పొగమంచులోంచి పిల్ల వచ్చింది.

అది పరుగెత్తుకుంటూ రాలేదు. తల్లి పిలిస్తే ఆలస్యంగా వచ్చినట్టు, నెమ్మదిగా, సందేహంగా వచ్చింది. పడి ఉన్న తల్లి దగ్గర ఆగి, మెడ చాపి వాసన చూసింది. ముందుకాలితో నేలమీద ఒకసారి కొట్టింది. లెమ్మన్నట్టు. మావయ్య నోట్లోంచి ఒక మాట వచ్చింది, ఇంట్లో ఎప్పుడూ అనని మాట. వెంటనే ఇంకో తూటా ఎక్కించి తుపాకీ భుజానికి ఆనించాడు. ఆయన వేలు వంగడం చూశాను.

"వద్దు మావయ్యా! వద్దు, వద్దు, దాన్నొదిలెయ్!"

ఏళ్ళ తరబడి జర్మన్‌లో జవాబు చెప్పిన నా నోట ఆ క్షణంలో తెలుగొచ్చింది. నేను ఆయన చెయ్యి పట్టుకోలేదు, తుపాకీ ముట్టుకోలేదు. ఏడ్చానంతే. పిల్ల తల ఎత్తి మా మంచె వైపు చూసింది. పారిపోలేదు, తల్లిని వదిలి ఎక్కడికి పోవాలో తెలియనట్టు నిలబడింది. మావయ్య తుపాకీ అలాగే పట్టుకుని చాలాసేపు ఉన్నాడు. కావాలంటే పది తూటాలు కాల్చేంతసేపు. తర్వాత నెమ్మదిగా కిందికి దించాడు. పిల్ల పొగమంచులోకి వెళ్ళిపోయింది.

కిందికి దిగాక ఆయన నన్ను దూరంగా నిలబెట్టి తన పని తను చేసుకున్నాడు. చివరన ఒక ఫర్ చెట్టు రెమ్మ తుంచి జింక నోట్లో పెట్టాడు. దాన్ని చివరి ముద్ద అంటారక్కడ. చంపినవాడు చచ్చినదానికి పెట్టే ఆఖరి మేత. టోపీ తీసి నిలబడ్డాడు. మామూలుగా ఎంతసేపు నిలబడతారో నాకు తెలియదు గానీ, ఆ రోజు ఆయన జుట్టంతా తడిసిపోయేదాకా నిలబడ్డాడు.

తిరుగు దారిలో రైతు ఇంటి ముందు కారు ఆపాడు. ముసలాయన మాస్కు పెట్టుకుని గేటు దాకా వచ్చాడు. దీనికి పిల్ల ఉంది, నేను చూసుకోలేదు, తప్పు నాది అని మావయ్య జర్మన్‌లో చెప్పాడు. ముసలాయన ముఖం గట్టిపడింది. కాలం ముగిసేలోగా ఆ పిల్ల సంగతి చూడు అన్నాడు. చూస్తానన్నాడు మావయ్య. నేను కారులో కూర్చుని, అద్దం కొద్దిగా దించుకుని, ఇదంతా విన్నాను. నా గురించి చెబుతాడేమోనని భయపడ్డాను. చెప్పలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ జింక మాంసం ఒక్క ముక్క కూడా మా ఇంటికి రాలేదు. మొత్తం ముసలాయనకే ఇచ్చేశాడు.

మర్నాటి నుంచి మావయ్య తెల్లవారుజామున లేచి అడవికి పోయేవాడు. తిరిగొచ్చి ఆఫీసు పని చేసుకుని, మధ్యాహ్నం దాటాక మళ్ళీ పోయేవాడు. నన్ను రమ్మనలేదు. నేనూ అడగలేదు. ఆయన కారు కదలగానే నేను నా మంచం పక్కన మోకాళ్ళూని, ప్రభువా ఆ పిల్లని దాచిపెట్టు, మావయ్యకి కనబడనివ్వకు అని ప్రార్థన చేసేదాన్ని. మా అమ్మమ్మ ఫోనులో నేర్పించిన తెలుగు ప్రార్థనలే అవి, చివర నా కోరిక ఒకటి కలిపేదాన్ని. ఆయన ఖాళీ చేతులతో వచ్చి, తడి బూట్లు విప్పి, ఏమీ మాట్లాడకుండా నాకు అన్నం వడ్డించేవాడు. నా ప్రార్థన ఫలించిందని నేను లోలోపల సంతోషపడేదాన్ని. ఆ సంతోషం గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఒక సాయంత్రం అమ్మ కింద గది గుమ్మంలో కూర్చుని, "మీ మావయ్య ఎందుకలా ఉన్నాడే? కంపెనీలో ఏవైనా గొడవా?" అని అడిగింది. నేను జరిగినదంతా చెప్పాను, నా ప్రార్థనతో సహా. అమ్మ ముఖం మీద మాస్కు పట్టీల గీతలు ఎర్రగా దిగి ఉన్నాయి. తిడుతుందనుకున్నాను.

"నువ్వు దాన్ని బతకనిమ్మని అడుగుతున్నావ్. వాడేమో దాన్ని బాధపడనివ్వద్దని తిరుగుతున్నాడు" అంది. "ఆసుపత్రిలో మాకు రోజూ ఇదే గొడవమ్మా. ఒక్కోసారి ఆ రెండూ ఒక్కటి కావు."

నాకు సగమే అర్థమైంది. ఆ రాత్రి ప్రార్థన చెయ్యాలా మానాలా తెలియక, చెయ్యకుండానే పడుకున్నాను.

వేట కాలం ముగిసిపోయింది. పిల్ల దొరకలేదు. ఆ మర్నాడే వెచ్చటి గాలి ఆగిపోయి చలి తిరగబెట్టింది. రెండు రోజులు ఎడతెగకుండా మంచు పడింది. కిటికీ ముందు కార్లు కనబడనంత మంచు. ఆ తర్వాత ఒక పూట, ఎవరూ అనుకోని విధంగా, ఆ మంచు మీద వాన కురిసింది. వాన తగ్గగానే గడ్డకట్టే చలి. దాంతో మెత్తటి మంచు మీద గాజు పలకలాంటి పొర ఏర్పడింది. పెరట్లోకి దిగి దాని మీద అడుగేస్తే క్షణం ఆగి, ఫట్‌మని విరిగి, కాలు మోకాలి దాకా దిగబడేది. విరిగిన అంచు పాంటు మీంచే పిక్కని గీసేది. నేనది ఆటగా ఆడుకున్నాను. మావయ్య వంటింటి కిటికీలోంచి నా కాళ్ళ వంకే చూస్తున్నాడు. ఆయన చేతిలో కాఫీ చల్లారిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం ముసలాయన ఫోన్ చేశాడు. గడ్డివాముల కొట్టం వెనక, కంచె పొదల దగ్గర, పొద్దుటి నుంచి ఒక నక్క తచ్చాడుతోంది, ఏదో ఉందక్కడ అన్నాడు. మావయ్య మెట్లెక్కి పైకి పోయి బీరువా తెరిచిన చప్పుడు వినిపించింది. కిందికి దిగేసరికి నేను బూట్లు వేసుకుని గుమ్మంలో ఉన్నాను.

"రావక్కర్లేదు అమ్మలూ. చూడ్డానికి బాగోదు."

"వస్తాను" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. అది వేరే జంతువైతే బావుండునని, అది నా కళ్ళతో చూసి తేల్చుకోవాలని అనుకున్నానేమో.

ఆకాశం నీలంగా, ఎండ కళ్ళు జిగేల్మనేలా ఉంది. మేము కొట్టం దాటగానే నక్క కనబడింది. ఎర్రగా, నిండు చలికాలపు బొచ్చుతో అందంగా ఉంది. మంచు పొర మీద తేలిగ్గా నడుస్తోంది, దాని కాళ్ళు దిగబడటం లేదు. మమ్మల్ని చూసి కొంచెం పైకి పోయి, వాలు మీద కూర్చుంది. పారిపోలేదు.

పిల్ల పొదల కింద ఉంది. బతికే ఉంది. పడుతూ లేస్తూ వచ్చిన దారంతా మంచు పొర గుంటలు గుంటలుగా విరిగి, ప్రతి గుంట అంచునా ఎర్రటి మరక ఉంది. కాళ్ళ మీద చర్మం చీరుకుపోయింది. వెనక తొడ దగ్గర నక్క కొరికిన గాయం. పక్కటెముకలు కనబడుతున్నాయి. మమ్మల్ని చూసి లేవబోయింది, ముందుకాళ్ళు మాత్రం కదిలాయి. చప్పుడు చెయ్యలేదు. అరిచి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేదేమో.

వేట కాలం అయిపోయింది కాబట్టి మావయ్య ముందు ముసలాయనకి ఫోన్ చేసి అనుమతి అడిగాడు. ఇక ఆలస్యం చెయ్యకు అని అవతలి గొంతు అన్నది నాకు వినిపించింది. మావయ్య నా వంక తిరిగి, కొట్టం వెనక్కి వెళ్ళి నిలబడమన్నాడు. ఈసారి నేను ఏమీ అనలేదు. వెళ్ళి, రెండు చేతులతో చెవులు మూసుకుని, కొట్టం చెక్కల వాసన పీలుస్తూ నిలబడ్డాను. చప్పుడైంది.

తిరిగి వచ్చేసరికి మావయ్య మోకాళ్ళ మీద ఉన్నాడు. పొదలోంచి ఒక రెమ్మ తుంచి పిల్ల నోట్లో పెట్టాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. నేను అప్పటిదాకా పెద్దవాళ్ళు ఏడవడం చూడలేదు. నాలో ఏదో మండింది. వాలు మీద నక్క ఇంకా కూర్చునే ఉంది, మేమెప్పుడు పోతామా అన్నట్టు.

"దాన్ని చంపు మావయ్యా! ఆ నక్కని చంపు. అదే చేసిందిదంతా!"

నక్కని కొట్టడానికి అది కాలమే. తుపాకీ చేతిలోనే ఉంది, దూరం కూడా లేదు. పిల్లని వదిలెయ్యమని ఏడ్చిన నోటితోనే నేను ఈ మాటా అన్నాను. మావయ్య నక్క వంక చూశాడు, తర్వాత నా వంక.

"దానికి ఆకలేసింది, వచ్చింది. నా తప్పు తీసుకెళ్ళి దాని నెత్తిన పెట్టమంటావా?"

తుపాకీలోంచి తూటాలు తీసేసి జేబులో వేసుకున్నాడు.

రైతు ఇంటి ముందు ఈసారి నేను కారులో కూర్చోలేదు. దిగి మావయ్య పక్కన నిలబడ్డాను. ముసలాయన అన్నీ విన్నాడు. ఆయన అడగబోయే ప్రశ్న నాకు ముందే తెలుసు.

ఆ రోజు ఆ పిల్ల నీ గురికి అందిందా అని అడిగాడు.

అందిందన్నాడు మావయ్య.

మరెందుకు కొట్టలేదు?

నేను నా బూట్ల వంక చూస్తూ నిలబడ్డాను. మావయ్యకి జవాబు ఎంత సులువుగా దొరుకుతుందో నాకు తెలుసు. పక్కన మేనకోడలుంది, చిన్నపిల్ల, ఏడ్చింది. ఆ మాటంటే ఏ మనిషైనా తలాడించి క్షమించేస్తాడు. పైగా అది అబద్ధం కూడా కాదు. ఆ ఊళ్ళో ఆయన్ని మనిషిగా నమ్మి అడవి గేటు తాళమిచ్చినవాడు ఆ ముసలాయన ఒక్కడే. ఆ నమ్మకం పోకుండా నిలబెట్టుకోవడానికి నా పేరు ఒక్కటి చాలు.

"కొట్టి ఉండాల్సింది. కొట్టలేదు. అది నా నిర్ణయం" అన్నాడు మావయ్య జర్మన్‌లో. అంతకు మించి ఒక్క మాట కలపలేదు.

ముసలాయన ఒక్కసారి నా వంక చూశాడు. ఆయనకి అర్థమైందనే నేను అనుకుంటాను. కానీ మావయ్య ఇచ్చిన జవాబునే ఆయన తీసుకున్నాడు. చెయ్యి చాచాడు. మావయ్య చొక్కా జేబులోంచి తాళంచెవి తీసి ఆ చేతిలో పెట్టాడు. వచ్చే శరదృతువులో మాట్లాడదాం అని, తలుపు వేసుకున్నాడు ముసలాయన.

కొండ దిగి ఊళ్ళోకి వచ్చాక, ఎర్ర లైటు దగ్గర ఆగినప్పుడు, నేను తెలుగులోనే అడిగాను.

"నేను వద్దన్నానని ఎందుకు చెప్పలేదు?"

"తుపాకీ ఎవరి చేతిలో ఉంది?"

"నీ చేతిలో."

"మరంతే కదా" అన్నాడు. లైటు పచ్చగా మారినా ఆయన కారు కదపలేదు. వెనకాల ఎవరూ లేరు. "ఒక సంగతి చెప్పనా? నువ్వు వద్దన్నప్పుడు నాకు హాయనిపించింది అమ్మలూ. దాన్ని కాల్చడం నాకూ ఇష్టం లేదు. ఏం చెయ్యాలో నాకు తెలుసు, నీకు తెలీదు. నీ ఏడుపు దొరికింది కదాని దాని చాటున దాక్కున్నాను. నీది జాలి. నాది పిరికితనం. ఆ రెంటికీ చాలా తేడా ఉంది."

మరి నా తప్పేమీ లేదా అని అడిగాను. లేదని ఆయన వెంటనే అనేసి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. ఆయన కారు పక్కకి తీసి ఆపి, ఆలోచించాడు.

"నీకు పదేళ్ళు. ఆ రోజు నీ వయసుకి ఎంత తెలియాలో అంతే తెలుసు. ఇవాళ ఇంకొంచెం తెలిసింది. ఇక్కణ్ణుంచి తెలిసినదానికి నీదే పూచీ" అన్నాడు.

ఆ శరదృతువులో ముసలాయనే ఫోన్ చేసి తాళంచెవి తిరిగిచ్చాడు. మావయ్య మళ్ళీ అడవికి పోయాడు గానీ, పొగమంచు దిగిన రోజున, ఎంత తొందరున్నా, తుపాకీ బయటికి తీసేవాడు కాదు. నేనూ ఆయనతో చాలాసార్లు వెళ్ళాను. ఆ పిల్ల గురించి మేమిద్దరం ఇంకెప్పుడూ మాట్లాడుకోలేదు. మా అమ్మకి మాత్రం ఆ రాత్రే అంతా చెప్పాను. తను గుమ్మంలోంచి లేచి వచ్చి, వార్డు భయం పక్కన పెట్టి, అన్ని నెలల్లో మొదటిసారి నన్ను దగ్గరికి తీసుకుంది. అలా తీసుకున్నందుకు తర్వాత వారమంతా నాకు జ్వరమొస్తుందేమోనని కంగారుపడింది. రాలేదు.

చాలా ఏళ్ళ తర్వాత అమ్మ చివరి రోజుల్లో, అదే ఊళ్ళో, తను ఒకప్పుడు పనిచేసినలాంటి వార్డులోనే, డాక్టరు నన్ను పక్కకి పిలిచి అడగాల్సినది అడిగాడు. యంత్రాలు ఉంచాలా, తీసెయ్యాలా అని. నా పిల్లలిద్దరూ అమ్మమ్మ చేతులు పట్టుకుని, వద్దమ్మా, ఇంకొన్నాళ్ళు చూద్దామమ్మా అని ఏడ్చారు. వాళ్ళ ఏడుపు నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఒప్పేసుకుంటే చాలు, పిల్లల కోసమే ఉంచామని ఎవరికైనా చెప్పుకోవచ్చు. అమ్మ ముఖం వంక చూశాను. ఊపిరికీ ఊపిరికీ మధ్య తను పడుతున్న శ్రమ చూశాను. పిల్లల్ని దగ్గరికి తీసుకుని వాళ్ళని ఏడవనిచ్చాను. వాళ్ళు ఏడుస్తుండగానే డాక్టరుకి చెప్పవలసినది చెప్పాను. ఆ తర్వాత చుట్టాలు ఇండియా నుంచి ఫోన్ చేసి, అంత తొందరెందుకు పడ్డారు, ఎవరు చెప్పారు అని అడిగితే, నేనే చెప్పాను అన్నాను. డాక్టరు సలహా అనలేదు, అమ్మ కోరిక అనలేదు. అవి రెండూ నిజమే అయినా అనలేదు.

మావయ్య ఆ రోజు బాధ్యత మొత్తం తనే తీసుకున్నాడు, నా మీద ఆవగింజంత కూడా పడనివ్వలేదు. అంత దయ చూపినవాళ్ళు నా జీవితంలో ఎక్కువమంది లేరు. అయితే బాధ్యత ఒకరు తీసేసుకోగలరు గానీ, బాధ అలా తీసుకోలేరని నాకు మెల్లగా తెలిసింది. ఎవరి వాటా వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది. నా వాటా నా దగ్గరుంది. మంచు మీద వాన పడి గడ్డకట్టిన పొద్దున్న, ఇప్పటికీ నేను బయటికి అడుగు పెట్టేముందు కాసేపు గుమ్మంలోనే నిలబడిపోతాను. ఎందుకని మా మనవరాలు అడుగుతుంది, జర్మన్‌లో. కాలు జారుతుందని భయమా అంటుంది. కాదమ్మా, అంటాను. తనకింకా పదేళ్ళు రాలేదు.